ముళ్ల మీసాల చేప – కొనే ముందు ఒక మాట



అక్వేరియం దుకాణాల్లో నల్లటి ఒంటిమీద తెల్ల చారలున్న ఒక చిన్న చేప దొరుకుతుంది. దుకాణాల వాళ్లు దాన్ని రాఫెల్ క్యాట్‌ఫిష్ అంటారు. శాస్త్రంలో దాని ప్రజాతి పేరు ప్లాటిడోరస్. సొంత ఊరు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదులు. 1862లో బ్లీకర్ అనే డచ్ శాస్త్రజ్ఞుడు ఆ ప్రజాతికి పేరు పెట్టారు.

మన పల్లెల్లోని వాలుగ, మార్పు, జెల్ల కూడా మీసాల చేపలే. వాటి ఒంటిపై పొలుసులుండవు. ఈ చేపకూ పొలుసులుండవు గానీ, రెండు పక్కలా ఎముక పలకల వరస ఉంటుంది. ఒక్కో పలక మీద కొక్కెంలాంటి ముల్లు. వీపు రెక్కకూ, ఛాతీ రెక్కలకూ గట్టి ముళ్లుంటాయి. భయపడితే ఆ రెక్కలను విప్పి, గొళ్లెం వేసినట్టు బిగించేస్తుంది. మింగబోయిన పెద్ద చేపకు గొంతులో అడ్డం పడుతుంది. ముల్లు కీలు దగ్గర రాచుకోవడం వల్ల, కడుపులోని గాలితిత్తి అదరడం వల్ల కిర్రుమని చప్పుడు కూడా చేస్తుంది. అందుకే కొందరు దీన్ని మాట్లాడే చేప అంటారు.

పెంచాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి:

• చేత్తో పట్టుకోకండి. వలతోనూ తీయకండి, ముళ్లు చిక్కుకుపోతాయి. ప్లాస్టిక్ డబ్బాతో నీళ్లతో సహా తీయండి.
• పగలు దాక్కుంటుంది, రాత్రి తిరుగుతుంది. కనబడలేదని తొట్టి అంతా కెలకకండి.
• ఇది దాదాపు 20 సెంటీమీటర్లు పెరుగుతుంది, పదేళ్లు దాటి బతకగలదు. పది అడుగుల ఖోలీలో అంత పెద్ద తొట్టికి చోటుందా? ముందే ఆలోచించండి.

అన్నిటికంటే ముఖ్యం: పెంచలేకపోతే చెరువులోనో నాలాలోనో వదలకండి. దుకాణానికే తిరిగి ఇవ్వండి. దక్షిణ అమెరికా నుంచే అక్వేరియంల కోసం వచ్చిన మరో మీసాల చేప, మనవాళ్లు దెయ్యం చేప అనేది, నేడు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో పాకిపోయింది. దాని గరుకు ఒంటికి జాలర్ల వలలు చిరిగిపోతున్నాయి. తొట్టిలో ముద్దొచ్చిన చేపే చెరువులో ఇంకొకరి కూటికి ఎసరు పెట్టింది.

పిల్లలకు ఒక పని. మీసాల చేపలకు మీ ఊళ్లో ఏమేం పేర్లున్నాయో తాతయ్యను, నానమ్మను, అమ్మమ్మను అడిగి నోటుబుక్కులో రాసుకు రండి. మన చాళ్లలో ఆ పేర్లు తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఇప్పుడు అడక్కపోతే రేపు చెప్పేవాళ్లుండరు.

– ప్రధానోపాధ్యాయుడు