నెల్లూరు సీమ క్రైస్తవ గేయము – అమెరికా జానపద సంగీత సంపర్కము

తెలుగు జానపద గేయములపై విశ్వవిద్యాలయ స్థాయిలో జరిగిన కృషి తక్కువది కాదు. ఆచార్య బిరుదురాజు రామరాజుగారి సిద్ధాంత గ్రంథము 1958లో వెలువడిన పిమ్మట ఈ శాఖ శాస్త్రగౌరవమును పొందినది. నెల్లూరు సీమకు సంబంధించిన కాటమరాజు కథలు తంగిరాల వెంకటసుబ్బారావుగారి పరిశోధన వలన వెలుగు చూచినవి. అయితే ఈ తీరమందే నూటయేబది ఏండ్లకు పైగా వేలాది కంఠములు పాడుచున్న మరియొక గేయరాశి కలదు. అది క్రైస్తవ పల్లెల పాట. సాహిత్య చరిత్రకారులు దీనిని పరదేశపు వస్తువని విడిచిరి. మిషను చరిత్రకారులు బాప్తిస్మము పొందినవారిని లెక్కించిరి కాని వారు పాడిన వరుసలను లెక్కింపలేదు. ఇరువురి నడుమ ఈ పాట అనాథయై యున్నది. ఇందు అమెరికా నుండి వచ్చినదెంత, ఇచ్చటిదెంత, ఆ రెండును ఏ నియమముచే కలిసినవి అను ప్రశ్నలను ఛందోదృష్టితో విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా చరిత్రను స్మరింతము. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో ఆంధ్రదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. 1849లో లైమన్ జ్యూయెట్ ఆయనతో చేరెను. ఫలితము స్వల్పమగుటచే ఈ మిషనును మూసివేయవలెనను తలంపు అమెరికాలో పలుమారులు కలిగెను. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఈ చర్చ మరల వచ్చినప్పుడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను బోధకకవి నెల్లూరును ఒంటరి నక్షత్రముగా భావించి ఒక గేయము వ్రాసెను. నాటి నుండి ఈ మిషనునకు ‘లోన్ స్టార్’ అను పేరు నిలిచినది. 1865లో వచ్చిన జాన్ క్లౌ మరుసటి ఏడు ఒంగోలు చేరెను. ఒంగోలు అప్పుడు నెల్లూరు మండలములోనిదే. తీరమందలి రామాయపట్నమున 1872లో బోధకుల శిక్షణకు దైవశాస్త్ర పాఠశాల ఏర్పడెను. 1876–78 నాటి కరవులో క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంత భాగమును గుత్తకు తీసుకొని క్షామపీడితులకు పని కల్పించెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

పైన పేర్కొన్న స్మిత్ అమెరికా సంగీత చరిత్రలోను ప్రసిద్ధుడే. ఆ దేశీయులు ‘అమెరికా’ అను పేర పాడుకొను దేశభక్తి గీతమును రచించినది ఆయనయే. అది 1831 జూలై 4న బోస్టనులో మొదట పాడబడినది. దాని వరుస మాత్రము ఇంగ్లండు రాజగీతమునకు చెందినది. ఆ వరుసకే 1835లో దివంగతుడైన ముత్తుస్వామి దీక్షితులు ‘సంతతం పాహి మాం’ అను సంస్కృత సాహిత్యమును కూర్చియుండెను. ఆయన నొట్టుస్వరములలో అది యొకటి. వరుసకు జాతి లేదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు. ఒకే స్వరక్రమము ఆంగ్లమున రాజస్తుతి, బోస్టనులో దేశభక్తి, మద్రాసు ప్రాంతమున దేవీస్తుతి అయినది. అయితే సంస్కృతమునకు ఒదిగిన వరుస తెలుగునకు ఒదుగునా అనుట వేరు ప్రశ్న. దానికి ముందు, వచ్చిన సంగీత మెట్టిదో తెలిసికొనవలయును.

మిషనరీలు తెచ్చిన పాటను మనము దొరల సంగీతముగా భావింతుము. అది సగము మాత్రమే నిజము. పందొమ్మిదవ శతాబ్ది అమెరికా భక్తిగేయమునకు జానపద మూలములు బలముగా కలవు. 1801లో కెంటకీ రాష్ట్రమున కేన్ రిడ్జ్ వద్ద జరిగినట్టి అరణ్య శిబిరసభలకు వేలకొలది జనము వచ్చెడివారు. వారిలో పలువురికి చదువు లేదు, పుస్తకములు లేవు. కావున ప్రతి చరణము చివరను అందరును అందుకొనుటకు వీలైన కోరసును చేర్చుట అలవాటైనది. అంతకు ముందు నుండియు ఒకడు పంక్తిని చదివి అందింపగా సభ దానిని పాడు పద్ధతి కలదు. నల్లజాతివారి ప్రార్థనామందిరములలో అది చిరకాలము నిలిచినది. సంగీతము నేర్పుటకు ఊరూర తిరుగు పంతుళ్లు ఫ, సోల్, ల, మి అను నాలుగక్షరములకు త్రికోణము, వృత్తము, చతురస్రము, వజ్రము అను నాలుగు ఆకృతులను గుర్తులుగా వాడిరి. విలియం వాకర్ 1835లో ప్రకటించిన ‘సదరన్ హార్మనీ’, 1844లో వెలువడిన ‘సేక్రెడ్ హార్ప్’ ఇట్టి గ్రంథములు. ఈ నేల మీదనే తరువాత విలియం బ్రాడ్బరీ, ఫానీ క్రాస్బీ, ఐరా శాంకీ మొదలగువారి ‘గాస్పెల్’ పాట పుట్టినది. శాంకీ, బ్లిస్‌ల సంకలనము 1875లో వెలువడి దేశదేశములకు ప్రాకెను. క్లౌ ఒంగోలున పనిచేయుచున్న దినములవియే.

ఈ పాటను అందుకొన్నవారిలో అత్యధికులు మాదిగలు. వారు గానము తెలియనివారు కారు. క్లౌ వద్ద తొలుత చేరిన యెర్రగుంట్ల పేరయ్య అంతకు ముందే రాజయోగ గురుపరంపరకు చెందినవాడని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899 నాటి తన గ్రంథమున వివరించినది. అట్టి పరంపరలందు రాత్రివేళ కూడి తత్త్వములు పాడుట ఆంధ్రదేశమంతట కలదు. ఒకడు అందించుట, పదిమంది అందుకొనుట అను భజన పద్ధతియు, అమెరికా పల్లె సభలో పంక్తి నందించి పాడించు పద్ధతియు మూలమున ఒక్కటియే. కావున పాడు అలవాటు ఇచ్చట ఎదురు లేక నాటుకొన్నది. డప్పు విషయము వేరు. గ్రామదేవతల కొలువులలో డప్పు వాయించుట వారికి వెట్టిబాధ్యతగా ఉండెను. క్రైస్తవులైనవారు అందుకు నిరాకరించుట గ్రామములలో కలహములకు దారితీసెను. కులసేవకు చిహ్నమైన వాద్యమును ఆనాడు విడుచుట వారికి ఆత్మగౌరవ విషయము. దీనిని గుర్తింపక, ఈ పాటలో డప్పు వినరాదని ఆక్షేపించుట న్యాయము కాదు.

ఇక అసలు చిక్కు వరుసతో వచ్చినది. ఆంగ్ల హిమ్నులలో మిక్కిలి వాడుకయైన వృత్తము 8, 6, 8, 6 అక్షరముల నాలుగు పాదములది. అందు సరిస్థానమందలి అక్షరమునకు ఊనిక, బేసిస్థానమునకు తేలిక. ఆంగ్లమునకు ఊనిక ప్రాణము; తెలుగునకు మాత్ర ప్రాణము. ‘ప్రభువైన యేసుక్రీస్తు’ అను మాటలను తీసికొందము. లెక్కకు సరిగా ఎనిమిదక్షరములే. కాని వై, యే, క్రీ అను దీర్ఘములు మూడును 3, 5, 7 స్థానములందు, అనగా తేలికయైన తావులందు పడినవి. భు, న, సు, స్తు అను హ్రస్వాచ్చులు ఊనిక తావులందు పడినవి. ‘అమేజింగ్ గ్రేస్’ వంటి మూడు మాత్రల నడకలో ఊనిక గల స్థానమునకు రెండు మాత్రలు, తేలిక స్థానమునకు ఒక మాత్ర. కావున దీర్ఘము కుదియును, హ్రస్వము సాగును. ‘యేసు’ అనునది ‘యెసూ’ అని వినవచ్చును. అక్షరసంఖ్య సరిపోయినను భాష చెడినది. మరియు ఎనిమిదక్షరములలో ఆంగ్లమున ఆరేడు పదములు ఇముడును. తెలుగున రెండు మూడు పదములకు మించి పట్టవు. అనువాదకుడు భావమున సగము విడువవలసియుండును.

ఈ చిక్కునకు ఒక విరుగుడు హ్రస్వము వెంట దీర్ఘము వచ్చు పదములను వెదకుట. కృపా, ప్రభూ, సదా, దయా వంటివి ఆ తావున ఒదుగును. ఇవి యన్నియు సంస్కృతములని గమనింపవలయును. అచ్చ తెలుగు పదమున దీర్ఘము సాధారణముగా మొదటి యక్షరముననే యుండును. కావున ఇట్టి వరుసను నమ్మిన అనువాదము తనంతట సంబోధనలతోను, తత్సమములతోను నిండును. అనువాద హిమ్నులలో కానవచ్చు బిగువునకు అనువాదకుని అసమర్థతయే కారణమనుట సరి కాదు. వరుసయే ఆయనను అటు నెట్టినది.

అయితే అన్ని వరుసలును ఇట్టివి కావు. ఊనికతో మొదలగు వరుసలు తెలుగునకు చుట్టములు. యేసు, దేవ, పాట, రాజు మొదలగునవి గలములు. ద్విపద మొదలు దేశి ఛందస్సులందు సూర్యగణములుగా నడచు తూనిక అదియే. 1862లో బ్రాడ్బరీ వరుస కట్టిన ‘జీసస్ లవ్స్ మీ’ అను పిల్లల పాట ఇట్లు ఊనికతోనే మొదలగును. స్వరములందును చుట్టరికము కలదు. ఆ పాటయు, వాకర్ గ్రంథమున ‘అమేజింగ్ గ్రేస్’ సాహిత్యముతో జతపడిన వరుసయు అయిదు స్వరములతో నడచును. అవి మన మోహన రాగ స్వరములే. పల్లె చెవికి మోహనము క్రొత్త కాదు. దూరమున్నది నడకలో. అమెరికా హిమ్నునకు రెండు, మూడు మాత్రల గతులే ముఖ్యములు. మూడును నాలుగును కలిసిన మిశ్రగతి, అయిదు మాత్రల ఖండగతి తెలుగు గేయమునకు నిత్యములు. గురజాడ ముత్యాలసరము నడచునది ఏడు మాత్రలపైననే. ఈ గతులు ఆ వరుసలలో దొరకవు.

దొరకని దానిని కీర్తన ఇచ్చినది. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగు కవులు వరుసను వదలి, విషయమును గ్రహించి, రాగతాళములతో పల్లవి, చరణములుగా రచించిరి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంకలనమున కీర్తనల తలకట్టున రాగము, తాళము సూచింపబడియుండుట అందరును ఎరిగినదే. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. శిబిరసభల కోరసు చరణము పిమ్మట వచ్చును; మన పల్లవి చరణమునకు ముందే వచ్చి మరల మరల తిరుగును. రెండింటి ప్రయోజనము ఒక్కటియే – పుస్తకము లేనివాడు కూడ పాటలో పాలు పంచుకొనుట. కావున అమెరికా పాట నుండి ఇచ్చటి సమాజము నిలుపుకొన్నది ముఖ్యముగా సభయంతయు పాడవలెనను నియమము. ఆ నియమమును మోయుటకు పల్లవి సిద్ధముగానున్నది. వరుస అతిథి, నియమము ఇంటివాడైనది. ఇదియే మా సిద్ధాంతము.

అమెరికాలో ఈ జానపద గానమును స్థానిక సమాజములు ఎట్లు నిలుపుకొన్నవో గమనించుట మనకు ఉపకరించును. ‘సేక్రెడ్ హార్ప్’ గాయకులు నేటికిని చతురస్రముగా కూర్చుండి, ఒకరి తరువాత ఒకరు నడుమ నిలిచి పాట నడపుదురు. మొదట స్వరాక్షరములు, పిమ్మట సాహిత్యము పాడుదురు. ఇది మన స్వరసాహిత్య పద్ధతిని స్ఫురింపజేయును. వినువారికై పాడుట వారికి ముఖ్యము కాదు. కలిసి పాడుటయే ఉత్సవము. గతించిన గాయకులను పేరుపేరున తలచు ఘట్టమును అందు కలదు. 1928లో ఆ దేశపు కాంగ్రెసు గ్రంథాలయమున జానపద గేయ భాండాగారము ఏర్పడినది. 1933లో జార్జి పుల్లెన్ జాక్సన్ ఈ పల్లెగానముపై గ్రంథమును ప్రకటించెను. 1942లో ఆలన్ లోమాక్స్ అలబామా గాయకుల పాటలను ధ్వనిముద్రణ చేసెను. పాడువారు మానలేదు, పండితులు ఉపేక్షింపలేదు. ఆ రెండును కలిసినందువలననే ఆ సంపద నిలిచినది.

మన తీరమున పాడువారు మానలేదు. ఉపేక్షించినది మనమే. నెల్లూరు, కావలి, అల్లూరు, రామాయపట్నము ప్రాంతముల వృద్ధగాయకులకు తెలిసిన వరుసలు అచ్చు పుస్తకములందు లేవు. పుస్తకమున రాగము పేరు మాత్రమే యుండును. పల్లె పాడు మార్గము కంఠముననే యుండును. యంత్రవాద్యముల తాళమునకు పాట నమర్చు అలవాటు పెరిగినకొలదిని ఆ మార్గము మరుగుపడును. ఒక వృద్ధుడు గతించినచో ఆయన ఎరిగిన వరుస మరల దొరకదు. తాటాకు ప్రతి పోయిన నష్టమునకు ఇది తీసిపోదు.

కావున పరిశోధక విద్యార్థులు ఈ క్షేత్రమును చేపట్టవలయును. ప్రతి పాటకును పాడినవారి వయస్సు, ఎవరి వలన నేర్చిరో, ముద్రిత పాఠమునకును నోటి పాఠమునకును భేదము, పాడునప్పటి గతి, దీర్ఘహ్రస్వముల సాగుకుదింపులు, వాద్యములు, పాడు సందర్భము గుర్తింపవలయును. పాడినవారి సమ్మతితో ధ్వనిముద్రణము చేసి, ఒక ప్రతిని వారి సమాజమునకే యీయవలయును. అట్లు సేకరించిన సామగ్రిపై పైన మేము సూచించిన ఛందోనియమమును పరీక్షింపవచ్చును. అది నిలువదేని సవరింపవచ్చును. మత మేదైనను, వరుస ఎచ్చటిదైనను, తెలుగు మాట తెలుగు మాత్రతో పలుకుచున్నంత వరకు ఆ పాట తెలుగు పాటయే. దానిని మన శాస్త్రపరిధిలోనికి తెచ్చుకొనుట తెలుగు శాఖల బాధ్యత.