పొగ రంగు చెప్పే సంగతులు

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల పోయే దారిలో నాపరాళ్ల లారీ వెనకాల స్కూటర్ మీద పోయినవాళ్లకు నల్లపొగ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ముక్కు మూసుకుని, ఎప్పుడెప్పుడు దాటిపోదామా అని చూస్తాం. ఈసారి అట్లా దాటేముందు ఒక్కసారి పరకాయించి చూడండి పిల్లలూ. ఆ పొగ ఏ రంగులో ఉంది? ఎప్పుడు వస్తోంది? ఈ రెండూ తెలిస్తే, ఒక్క బోల్టు విప్పకుండానే జబ్బు ఇంజిన్లో ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

ముందు మంట ఎట్లా పుడుతుందో చూద్దాం. సైకిల్ పంపు మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, నాలుగైదు సార్లు జోరుగా కొట్టండి. పంపు అడుగు పట్టుకుంటే వేడిగా ఉంటుంది. గాలిని గబుక్కున నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్ కిటుకంతా ఇదే. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో, ఇరవయ్యో వంతుకో నొక్కేస్తుంది. ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. అప్పుడు నాజిల్ నుంచి డీజిల్ సన్నటి తుంపరగా పడగానే, నిప్పురవ్వ అవసరం లేకుండా దానంతటదే అంటుకుంటుంది. 1858లో పారిస్‌లో పుట్టిన రుడాల్ఫ్ డీజిల్ ఈ ఇంజిన్‌ను 1897 నాటికి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించాడు. 1900 పారిస్ ప్రదర్శనలో ఈ రకం ఇంజిన్ ఒకదాన్ని చెనిక్కాయల నూనెతో కూడా నడిపారు. మన సీమ పంట అంత దూరంలో ఇంజిన్‌కు ఇంధనమైందంటే నాకు ఇప్పటికీ సంబరంగానే ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు. అంటే లీటరుకు 12 కిలోల గాలి. ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది కాబట్టి, ఆ 12 కిలోలంటే పది ఘనమీటర్లు, పదివేల లీటర్లు! ఎండాకాలం వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు రెండు ఉంటాయే, వాటి నిండుగా పట్టేంత గాలిని మన బండి ఒక్క లీటరు డీజిల్‌తో పాటు పీల్చేస్తుంది. ఇది కూడా కనీసపు లెక్కే. నిజానికి డీజిల్ ఇంజిన్ ఇంతకన్నా ఎక్కువే పీలుస్తుంది. మనం బంకులో డీజిల్‌కు డబ్బులిస్తాం కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకుంటాం. గాలి ఊరికే వస్తుంది కాబట్టి దాన్ని మరిచిపోతాం. నల్లపొగ తంటాల్లో చాలా భాగం ఆ మరుపు వల్లే వస్తుంది.

గాలి చాలకపోతే ఏమవుతుంది? డీజిల్ తుంపర పైపైన కాలుతుంది, నడిమిభాగానికి ఆక్సిజన్ అందదు. అక్కడి డీజిల్ వేడికి విడిపోయి, అందులోని కార్బన్ మసిగా మిగిలిపోతుంది. కార్బన్ తన మీద పడిన వెలుగునంతా మింగేస్తుంది, అందుకే పొగ నల్లగా కనిపిస్తుంది. నల్లపొగ కక్కే బండికి మైలేజీ ఎందుకు పడిపోతుందో ఇప్పుడు అర్థమైంది గదా! మనం కొన్న డీజిల్‌లో కొంత కాలకుండానే సైలెన్సర్ దాటిపోతోంది.

కాబట్టి నల్లపొగ చూస్తే మొదట గాలి దారి చూడాలి. జమ్మలమడుగు రేగడి నేలల్లో శనగ నూర్పిళ్ల కాలంలో ట్రాక్టర్ పొద్దంతా పొట్టులో, దుమ్ములో నిలబడి ఆడుతుంది. పాత ట్రాక్టర్లకు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంటుంది. దాని క్లిప్పులు ఊడదీసి కింది గిన్నె దించి చూడండి. అందులో గీత వరకు పోసిన ఆయిల్ పల్చగా ఉండాలి. వేలు పెడితే అడుగున మెత్తటి బురద తగిలిందంటే, పైన తీగజాలీ కూడా పొట్టుతో బిగుసుకుపోయి ఉందంటే, ఇంజిన్‌కు ఊపిరాడటం లేదని అర్థం. గిన్నె కడిగి, జాలీ శుభ్రం చేసి, గీత వరకే కొత్త ఆయిల్ పోయాలి. దుమ్ము బాగా పడుతుందని గీత దాటించి పోశారో, ఇంజిన్ ఆ ఆయిల్‌నే పీల్చి కాల్చడం మొదలుపెడుతుంది. నల్లపొగ పోయి నీలిపొగ వస్తుంది, ఒక్కోసారి ఇంజిన్ చేయి దాటి రేసైపోతుంది. కాగితం ఫిల్టర్ ఉన్న బండ్లకు, అది మూసుకుపోతే మార్చడమే మంచి పని.

ఫిల్టర్ బాగుంటే, గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే టర్బో నుంచి పోయే రబ్బరు గొట్టాలు చూడాలి. గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా నొక్కిన గాలి బయటికే పోతుంది. పికప్ తగ్గి, పొగ పెరుగుతుంది. డ్రైవర్ చేతిలో ఉన్న కారణమూ ఒకటుంది. జమ్మలమడుగు నుంచి గండికోటకు ఎక్కేటప్పుడు, నిండు లోడుతో పెద్ద గేరులోనే ఈడిస్తే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ గాలి తక్కువ తీసుకుంటుంది, డీజిల్ మాత్రం ఎక్కువ పడుతుంది. గేరు ఒకటి దించితే చాలు, పొగ తగ్గిపోవడం అద్దంలోనే కనిపిస్తుంది. ఇవన్నీ అయ్యాకే నాజిళ్ల సంగతి, డీజిల్ పంపు సంగతి. తుంపరగా కొట్టాల్సిన నాజిల్ బొట్లుగా కారుస్తుంటే, లేదా ఎక్కువ లాగుడు కావాలని పంపులో డీజిల్ పెంచుకుని ఉంటే, ఫిల్టర్లు ఎన్ని మార్చినా నలుపు పోదు.

తెల్లపొగ కథ వేరు. ఇందులో మసి ఉండదు, సన్నటి చుక్కలుంటాయి. అవి అన్ని రంగుల వెలుగునూ సమానంగా చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తాయి. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాస్త తెల్లపొగ వచ్చి, ఇంజిన్ వేడెక్కగానే పోతే దిగులు పడాల్సిన పని లేదు. వేడెక్కాక కూడా వస్తుంటే ఆ చుక్కలు నీళ్లవా, డీజిల్‌వా అని తేల్చుకోవాలి. ఘాటైన పచ్చి డీజిల్ వాసనతో కళ్లు మండితే, ఏదో ఒక సిలిండర్‌లో డీజిల్ అంటుకోవడం లేదు. కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు, డీజిల్ పడే టైమింగ్ ఆలస్యమై ఉండొచ్చు, నాజిల్ చెడి ఉండొచ్చు. ఆ ఘాటు లేకుండా ఆవిరిలా వచ్చి, రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తెల్లగా, నురగ్గా ఉంటే నీళ్లు అందులో కలిశాయన్నమాట. ఇక బండి నడపకూడదు. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి, చేయి కాలితే వైద్యానికే పోతుంది నెల జీతం.

ఏ సిలిండర్ పని చేయడం లేదో పట్టుకునే పద్ధతి పాత మేస్త్రీలకు బాగా తెలుసు. ఇంజిన్ నెమ్మదిగా ఆడుతుండగా ఒక్కో నాజిల్‌కు పోయే పైపు నట్టు వదులు చేస్తారు. నడుస్తున్న సిలిండర్‌కు డీజిల్ ఆపితే ఇంజిన్ శబ్దం కుంటుపడుతుంది. ఏది వదులు చేసినా శబ్దం మారలేదో, నేరం దానిదే. ఎంత చక్కటి పరీక్షో చూడండి, చేతిలో స్పానర్, పనిచేసే చెవి, ఇవి రెండే సాధనాలు. అయితే ఇది పాత పంపుల బండ్లకే. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ ఒత్తిడి గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు దాటుతుంది, చిమ్మిన ధార చర్మంలోకి దిగిపోతుంది. అక్కడ నట్టు ముట్టుకోకూడదు, స్కానర్ పెట్టించాలి.

మూడోది నీలిపొగ. ఇది ఇంజిన్ ఆయిల్ కాలుతున్న గుర్తు. ఈ ఆయిల్ చుక్కలు మరీ సన్నవి, వెలుగు అల కన్నా చిన్నవి. అంత సన్నటి రేణువులు నీలం వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి. ఆ పొగ వెనకాల చింతచెట్టు నీడ ఉంటే నీలంగా తేలిపోతుంది, అదే పొగను వెలుతురు ఆకాశానికి ఎదురుగా చూస్తే గోధుమ రంగు తిరుగుతుంది. పులివెందుల నుంచి అరటి గెలలు, చీనీకాయలు ఎత్తుకుపోయే బండ్లు ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నవైతే ఇది కనిపించవచ్చు. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలిపొగ వచ్చి తగ్గిపోతే, రాత్రంతా వాల్వు సీళ్ల నుంచి ఆయిల్ కారి ఉంటుంది. తిరిగినంతసేపూ వస్తూ, ఇంజిన్ బ్రీదర్ నుంచి కూడా పొగ తన్నుతుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగాయి. ఆ మాట అనేముందు డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ గీత దాటి పోసినా ఇంతే పొగ వస్తుంది. టర్బో సీలు పోయినా వస్తుంది. బోరింగ్ పనికి వేలకు వేలు పోయకముందు ఈ రెండూ తేల్చుకోవాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త పొగ నిబంధనల ప్రకారం అమ్మే బీఎస్-6 డీజిల్ బండ్లలో మసిని పట్టి ఉంచి, వేడితో కాల్చేసే ఫిల్టర్ ఉంటుంది. వాటి వెనక నల్లపొగ అసలు కనబడకూడదు. కనబడిందంటే ఆ ఫిల్టర్ పగిలిందన్నా అనుకోవాలి, ఎవరో తీసేశారన్నా అనుకోవాలి.

నాకు మనసులో ఉన్న ముఖ్యమైన మాట చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగను క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. ఆ పొగ మొదట తగిలేది లారీ ఓనరుకు కాదు. రోడ్డు పక్కన టీ అమ్మేవాళ్లకు, బడికి నడిచే పిల్లలకు, బండి కింద పడుకుని పనిచేసే మేస్త్రీకి. అందుకే షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ ఆడించొద్దు. కంటికి కనిపించని కార్బన్ మోనాక్సైడ్ కూడా అందులో ఉంటుంది.

ఇంట్లో ట్రాక్టరో, టెంపోనో ఉంటే ఈ వరస గుర్తుపెట్టుకోండి: రంగు చూడు, ఎప్పుడు వస్తోందో చూడు, గాలి దారి చూడు, ఆయిల్ గీత చూడు, నీళ్ల మట్టం చూడు. ఈ అయిదింటికీ పైసా ఖర్చు లేదు. ఆ తరవాతే నాజిల్, పంపు, టర్బో. అన్నిటికన్నా చివర ఇంజిన్ విప్పడం. మీ నాన్న మేస్త్రీ దగ్గరికి పోయేటప్పుడు "పొగ వస్తోంది" అని ఊరుకోకుండా, "లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు నల్లగా వస్తోంది, ఫిల్టర్ మొన్ననే మార్చాం" అని చెబితే, సగం రిపేరు ఆ మాటతోనే అయిపోతుంది.