పెరటికోళ్ళు ఎన్ని ఉండవలెను?

పల్లెలలోని గృహస్థునకు పెరటికోళ్ళు ఖర్చులేని సంపద. చెరుగునపుడు రాలిన నూకలు, కంచములలో మిగిలిన మెతుకులు, కళ్ళములో చెదరిన గింజలు, పెంటకుప్పలోని పురుగులు - ఇవియే వాని ఆహారము. మనకు పనికిరానిదానిని తిని కోడి మనకు గ్రుడ్డు నిచ్చుచున్నది. ఇల్లాలి చేతికి నాలుగు డబ్బులును, పిల్లల కంచములోనికి బలమైన ఆహారమును దీనివలన వచ్చుచున్నవి. ఇది చూచినవారికి, పదింటికి బదులు ఇరువది యున్నచో లాభము రెట్టింపగును గదా యను ఆశ కలుగుట సహజము. ఈ లెక్క యెచ్చట తప్పుచున్నదో విచారింతము.

ఎవరును సంకల్పించి కోళ్ళను అమితముగా పెంచరు. అవి తమంతట పెరుగును. నాటుపెట్ట యేడాదికి మూడు నాలుగు పర్యాయములు గ్రుడ్లు పెట్టును. పొదుగనిచ్చినచో 21 రోజులకు పిల్లలను లేపును. గ్రద్దయు, ముంగిసయు, బావురుపిల్లియు కొన్నిటిని ఎత్తుకొనిపోవునను భయముచే, ఒక పెట్టకు మారుగా మూడింటిని పొదుగవేయుదురు. అదృష్టవశమున ఆ యేడు పిల్లలన్నియు దక్కును. సంక్రాంతికి మంచి ధర వచ్చునని పుంజులను నిలుపుదురు. సంతలో చౌకగా దొరికినవని మరి నాలుగు తెత్తురు. ఏడాది తిరుగునప్పటికి పెరడంతయు కోళ్ళే.

ఇక మేత సంగతి. ఎదిగిన కోడికి దినమునకు 100 మొదలు 120 గ్రాముల వరకు మేత కావలెను. పది కోళ్ళకు దినమునకు కిలో పైచిలుకు. ఏడాదికి సుమారు 400 కిలోలు. ఇందులో అధికభాగమును పెరడును, వీధియు, కళ్ళమును ఊరకనే ఇచ్చుచున్నవి. కాని కోళ్ళు రెట్టింపైనంత మాత్రమున పురుగులు రెట్టింపు కావు, రాలిన గింజలును రెట్టింపు కావు. ఉన్నదానినే ఇరువది నోళ్ళు పంచుకొనవలెను. కోడి తిన్నదానిలో మొదటి పాలు దాని ప్రాణము నిలుపుకొనుటకే చెల్లును, మిగిలినదే గ్రుడ్డగును. సగము కడుపుతో నున్న కోడికి మిగులు ఎక్కడిది? కావున పది కోళ్ళు కడుపునిండ తిని పెట్టిన గ్రుడ్లను, అరకడుపుతో తిరుగు ఇరువది కోళ్ళు పెట్టజాలవు. గింజలు కొని వేయుదమన్న, అంతవరకు ఖర్చులేని సంపదయైనది ఖర్చులుగల వ్యాపారమగును. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటికై రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకములు నాటుకోళ్ళకంటె హెచ్చుగా గ్రుడ్లు పెట్టుట నిజమే. కాని వానికి మేతయు హెచ్చుగా కావలెను. అవి సాధారణముగా పొదుగవు గనుక పిల్లలను మరల కొనవలెను.

మన పెరడు ఎన్నిటిని పోషింపగలదో తెలిసికొనుటకు గొప్ప చదువు అక్కరలేదు. సాయంకాలము గూటికి చేరునపుడు కోడిని పట్టి, మెడక్రింద మేత నిలుచు సంచిని వ్రేళ్ళతో తాకి చూడుడు. అది నిండుగా నున్న మేత చాలినట్లు. దినదినము వదులుగా నున్న చాలనట్లు. వారమునకు వచ్చిన గ్రుడ్లను గోడమీద బొగ్గుతో గుర్తు పెట్టుడు. కోళ్ళు పెరిగినను గ్రుడ్లు పెరుగకున్న మీ పెరటి మితము దాటినట్లే. ఈ పరీక్షను కోతలకాలమున చేయరాదు. అప్పుడు అందరికిని సమృద్ధియే. పొలములు బీడుపడి నేల ఎండిన వేసవిలో చేయవలెను. వేసవిలో నిలిచిన సంఖ్యయే నిజమైన సంఖ్య.

మేతకంటె భయంకరమైనది తెగులు. కొక్కెర తెగులును 1927లో మన దేశమున రాణీఖేత్‌లో గుర్తించిరి. అందుచే దానికి రాణీఖేత్ వ్యాధి యనియు పేరు కలిగినది. అది ప్రవేశించిన, టీకాలేని గుంపు కొద్దిదినములలోనే తుడిచిపెట్టుకొని పోవును. ఇరుకుగూటిలో ఒకదాని రెట్టలో మరియొకటి నిలుచుచోట రక్తపారుడును తేలికగా వ్యాపించును. చౌకయని సంతనుండి తెచ్చిన కోడియే అనేక పర్యాయములు తెగులును ఇంటికి తెచ్చుచున్నది. క్రొత్తకోడిని మూడు వారములు వేరుగా నుంచి, పిమ్మట గుంపులో కలుపవలెను.

టీకావిషయమున ఒక చిక్కు కలదు. కొక్కెర తెగులు టీకా తరచుగా నూరుకోళ్ళకు సరిపడు సీసాలలో వచ్చును. కలిపిన పిమ్మట గంట రెండుగంటలలో వాడవలెను. పది కోళ్ళవాడు తొంబది మోతాదులు పారవేయవలసివచ్చునని టీకాయే మానుకొనును. దీనికి ఉపాయము కోళ్ళను నూటికి పెంచుట కాదు, పది యిండ్లవారు ఒకే దినమున కలిసి వేయించుకొనుట. పశువైద్యునితో మాటలాడి ఆ దినమును నిర్ణయింపవలసినవారు గ్రామపెద్దలే.

ఏలయన కోళ్ళసంఖ్య ఒక యింటి సంగతి మాత్రమే కాదు. ఒకరి పెరటిలోని తెగులునకు దడి అడ్డము కాదు. కోళ్ళు మందగించగానే వానిని తెగనమ్మి చేతులు కడుగుకొనువాడు తన నష్టమును పదియిండ్లకు పంచిపెట్టుచున్నాడు. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల ఫారములలో పక్షులఫ్లూ బయటపడినది. అట్టి వ్యాధి కనబడిన చోటికి చుట్టును కిలోమీటరు మేర కోళ్ళను చంపవలెనని ప్రభుత్వనియమము. పెరటికోళ్ళకును మినహాయింపు లేదు. నాలుగు పెట్టలనే నమ్ముకొన్న విధవరాలి నష్టము, నలువది గలవాని నష్టముకంటె బరువైనది.

కావున ఇంటికొక సంఖ్యను ముందుగానే నిర్ణయించుకొనుడు. సామాన్యముగా పది పెట్టలకు ఒక పుంజు చాలును. తక్కిన పుంజులను ఎదుగగానే అమ్మివేయవలెను. గ్రుడ్లు తగ్గిన ముదిపెట్టలను ఏటేట తీసివేసి, ఆ ఖాళీలకు సరిపడునన్ని పిల్లలనే నిలుపవలెను. మిగిలిన గ్రుడ్లను పొదుగవేయుటకంటె ఇంటిపిల్లలకు పెట్టుట మేలు. కోళ్ళఫారము పెట్టదలచినవారు పెట్టవచ్చును. అది వేరు వృత్తి, దానికి పెట్టుబడియు, పాకయు, నిత్యము వ్రాయు లెక్కయు కావలెను. పెరటికోడి మాత్రము పెరడు పెట్టిన తిండితోనే బ్రతుకవలెను. ఆ తిండి యెంతయో, కోళ్ళును అంతే.