అబీకి అంత కండ ఎలా వచ్చింది? ప్రళయం తర్వాత అది సాధ్యమేనా?

ఈరోజు ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’లో అబీ గురించి మాట్లాడుకుందాం. గేమ్ ఆడనివాళ్లకి ముందే చెప్తున్నా, కథ బయటపడుతుంది.

2020లో గేమ్ రాగానే "ఆడపిల్లకి ఆ కండలేంటి?" అని పెద్ద గొడవ. అబీకి గొంతు ఇచ్చిన లారా బెయిలీకి చంపేస్తామని బెదిరింపులు కూడా వెళ్లాయి.

ముందు ఒళ్లు సంగతి చూద్దాం. అది ఊహించి గీసింది కాదు. కొలీన్ ఫోట్ష్ అనే క్రాస్‌ఫిట్ అథ్లెట్ శరీరాన్ని మోడల్‌గా తీసుకున్నారు. అంతెందుకు, మన శ్రీకాకుళం జిల్లా కర్ణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆడవాళ్లలో టెస్టోస్టెరాన్ తక్కువ కాబట్టి మగవాళ్లంత కండ రావడం కష్టం. కానీ ఏళ్ల తరబడి ట్రైనింగ్ చేస్తే కండ బాగానే వస్తుంది.

అసలు డౌటు వేరే. లోకం కూలిపోయాక అది కుదురుతుందా? కష్టపడితే చాలు అనుకుంటాం. మన ప్రత్తిపాడు, పర్చూరు వైపు చూడండి. పత్తి తీసే, మిరపకాయలు కోసే అక్కలు పొద్దుగూకేదాకా నడుం ఎత్తరు. ఎండలో అరగంట వాళ్లతో పోటీ పడితే మన పని అయిపోద్ది. మరి వాళ్లకి అబీ లాంటి భుజాలు ఎందుకు లేవు?

ఎందుకంటే రోజంతా చేసే పని ఓపిక పెంచుద్ది. కండ సైజు పెరగాలంటే బరువు పెంచుకుంటూ ఎత్తాలి, బాగా నిద్రపోవాలి, కడుపు నిండా తినాలి. కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాముల ప్రోటీన్ లెక్కేసుకుంటే, 70 కిలోల మనిషికి 112 గ్రాములు. ఒక్క గుడ్డులో సుమారు 6 గ్రాములే. అంటే 18 గుడ్లకి పైనే! కూలి డబ్బుల్లో అది అయ్యే పనేనా?

గేమ్ ఈ లెక్క మర్చిపోలేదు. అబీ ఉండే సియాటిల్ స్టేడియంలో పంటలున్నాయి, పశువులున్నాయి, క్యాంటీన్ ఉంది, జిమ్ ఉంది. నాన్న చనిపోయాక పగతో ఏళ్లపాటు సాధన చేసింది. అదే అబీని శాంటా బార్బరాలో బంధించి పస్తులు పెడితే, ఆ కండంతా కరిగిపోయి ఎముకల గూడులా కనిపిస్తుంది.

నా మాట ఒక్కటే. కండ దగ్గర ఆడా మగా అన్న లెక్క కంటే ముందు తిండి లెక్క ఉంటుంది. ఈసారి ఏ ప్రళయం గేమ్‌లో కండలు కనిపించినా, మగ హీరో అయినా సరే, "వీళ్లకి అన్నం ఎక్కడిది?" అని అడగండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!