ఫోసిటె: ఊటబావి దగ్గర పలకని పేరు

ఉత్తర సముద్రంలో, జర్మనీ తీరానికి దూరంగా, ఎర్రరాతి గుట్టలా నిలిచిన చిన్న ద్వీపం ఒకటి ఉన్నది. హెలిగోలాండ్ అంటారు. పదమూడు వందల సంవత్సరాల క్రితం అక్కడి ప్రజలు ఫ్రిసియన్లు. వారి దేవత పేరు ఫోసిటె. ఆ దేవత పేరు మీదనే ద్వీపానికి ఫోసిటె దేశమని పేరు.

అన్యదేవత పేరు గురించి క్రైస్తవ కుటుంబ పత్రికలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. మొదట మాకూ అదే సందేహం కలిగింది. కాని లూకా ఎఫెసు సంగతి వ్రాసినప్పుడు అర్తెమిదేవి పేరు దాచలేదు. పైగా ఫ్రిసియన్లు తమ దేవతను గురించి ఒక్క ముక్కయినా వ్రాసి పెట్టలేదు. ఈ పేరు నేటికీ మిగిలిందంటే, దానిని వ్రాసి ఉంచినవాడు ఒక క్రైస్తవుడు కాబట్టే.

ఆయన పేరు ఆల్క్విన్. ఇంగ్లాండులోని యార్క్ నుండి వచ్చి షార్లమేన్ చక్రవర్తి ఆస్థానంలో పనిచేసిన పండితుడు. తన బంధువైన విల్లిబ్రోర్డ్ అనే మిషనెరీ జీవితచరిత్రను 8వ శతాబ్దం చివరలో లాటిన్‌లో వ్రాశాడు. విల్లిబ్రోర్డ్ 690లో పదకొండుమంది సహచరులతో ఫ్రిసియాకు వచ్చాడు. తరువాత డేనుల దేశానికి వెళ్ళి, ముప్పది మంది బాలురను వెంటబెట్టుకొని తిరిగి వస్తుండగా తుపాను వారి ఓడను ఈ ద్వీపానికి కొట్టివేసింది.

అక్కడ ఫోసిటెకు గుళ్ళున్నాయి. ఆ చుట్టుపక్కల మేసే పశువులను ఎవరూ ముట్టరు. ఒక ఊట ఉన్నది. అందులో నీళ్ళు తోడుకొనేవారు నోరు మెదపకూడదు, మౌనంగా ముంచుకొని పోవాలి. ఆ నియమం మీరినవానికి పిచ్చి పట్టునని, లేదా హఠాత్తుగా చచ్చునని వారి భయం. విల్లిబ్రోర్డ్ ఏమి చేశాడంటే, ఆ ఊటలోనే, త్రిత్వనామమును బిగ్గరగా పలికి ముగ్గురికి బాప్తిస్మమిచ్చాడు. తనవారి ఆకలికి ఆ పశువులలో కొన్నింటిని కోయించాడు. ఎవరికీ పిచ్చి పట్టలేదు. ద్వీపవాసులు ఆశ్చర్యపడి రాజైన రాడ్బోడ్‌కు కబురు చేశారు.

రాజు మండిపడ్డాడు. మూడు దినాలు, దినానికి మూడుసార్లు చీట్లు వేయించాడు. విల్లిబ్రోర్డ్ మీదికి చీటి రాలేదు. ఆయన సహచరులలో ఒకనిమీదికి వచ్చింది, అతడు ప్రాణమిచ్చాడు. ఆ హతసాక్షి పేరు ఆల్క్విన్ వ్రాయలేదు. పశువుల విషయంలో అంత తొందర అవసరమా అని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది. బాప్తిస్మము వేరు, పరుల పశువులను కోయడం వేరు కదా.

ఇక పేరు సంగతి. ఇంగ్లీషు చదువుకున్న మన పిల్లలు దీనిని చూస్తే 'ఫోసైట్' అంటారు. అది తప్పు. చివరి 'ఎ' పలకాలి: ఫోసిటె. ఊనిక మొదటి అక్షరం మీద. లాటిన్ లిపిలో హ్రస్వ దీర్ఘాల తేడా కనబడదు గనుక 'ఫొ' అన్నా 'ఫో' అన్నా తగాదా లేదు. మొదటి హల్లు మాత్రం 'ఫలము'లోనిది కాదు, 'ఫోను'లోనిది. ఒకే అక్షరంతో రెండు శబ్దాలు వ్రాసుకొనే మనకు ఈ హెచ్చరిక అవసరం.

ఈ పేరు పుట్టుక మీద పండితులలో రెండు వాదాలున్నాయి. ఐస్‌లాండు వారి పాత గ్రంథాలలో ఫోర్సెటి అనే దేవుడున్నాడు. బంగారు స్తంభాలు, వెండి పైకప్పు గల మందిరంలో కూర్చుండి తగవులు తీర్చేవాడు. ఆ పేరుకు 'ముందు కూర్చుండువాడు' అని అర్థం, అనగా సభాధ్యక్షుడు. నేటికీ ఐస్‌లాండులో దేశాధ్యక్షుని ఫోర్సెటి అనే పిలుస్తారు. ఫోసిటె ఆ పేరే, 'ర' జారిపోయిందని ఒక వాదం.

రెండవది మాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది. గ్రీకుల సముద్రదేవుడు పోసైడాన్ పేరే ఇక్కడ ఫోసిటె అయిందట! వినగానే నవ్వు వస్తుంది. కాని సంస్కృతం నుండి మనకు వచ్చిన మాటలను ఇంగ్లీషు మాటల పక్కన పెట్టి చూడండి. పితకు ఫాదర్, పాదానికి ఫుట్, పంచకు ఫైవ్. 'ప' ఉన్నచోట 'ఫ' వచ్చింది. ద్వి అన్నచోట టూ, దశ అన్నచోట టెన్: 'ద' పోయి 'ట' వచ్చింది. ఈ క్రమాన్ని జర్మన్ పండితుడు యాకోబు గ్రిమ్ 1822లో వివరించాడు. ఇంగ్లీషు, ఫ్రిసియన్ అక్కచెల్లెళ్ళ వంటి భాషలు, రెంటికీ ఇదే క్రమం. పోసైడాన్‌లో 'ప'ను 'ఫ'గా, 'డ'ను 'ట'గా మార్చి చూస్తే ఫోసిటెకు ఎంత దగ్గరగా వస్తుందో!

అయితే ఆ మార్పు క్రీస్తుకు ముందు శతాబ్దాలలో జరిగినది. పేరు అంతకుముందే ఉత్తరానికి చేరి ఉండాలి. చేరే దారి లేకపోలేదు. ఆ తీరాల్లో దొరికే అంబరు అనే పసుపుపచ్చ శిలాజ జిగురు కోసం దక్షిణ దేశాల వర్తకం పూర్వం నుండీ ఉన్నది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో పైథియాస్ అనే గ్రీకు నావికుడు ఉత్తర సముద్రాలకు వెళ్ళి, అంబరు దొరికే ద్వీపాన్ని గురించి చెప్పాడు. కాని గ్రీకు దేవుణ్ణి అక్కడ కొలిచినట్లు రుజువు లేదు.

ఈ వాదమే నిజమైతే ఫోర్సెటి తరువాత పుట్టిన రూపమన్న మాట. అర్థం తెలియని పేరును జనం తమకు తెలిసిన మాటగా మార్చుకొంటారు. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని మొస్యే రేమండ్‌ను మూసారాముడని పిలిచారు, ఆ పేరు మూసారాంబాగ్‌లో ఇంకా ఉన్నది. ఏది ముందో తేల్చే ఆధారం దొరకలేదు గాని, 'ర' లేని రూపమే ముందుగా వ్రాతలోకి ఎక్కింది.

రాడ్బోడ్ 719లో, విల్లిబ్రోర్డ్ 739లో చనిపోయారు. ఆ శతాబ్దం చివరిభాగంలో ఫ్రిసియావాడే అయిన లియుడ్గర్ ఆ ద్వీపానికి వెళ్ళి, ఫోసిటె గుళ్ళను పడగొట్టించి, అక్కడ సంఘమందిరాలు కట్టించాడు. విల్లిబ్రోర్డ్ ముగ్గురికి బాప్తిస్మమిచ్చిన ఆ ఊటలోనే ద్వీపవాసులకు బాప్తిస్మమిచ్చాడు. వారి నాయకులలో ఒకని కుమారుడు లాండ్రిక్ కూడా అక్కడే నీళ్ళలో దిగాడు. లియుడ్గర్ అతనికి లేఖనాలు నేర్పి పాదిరిగా అభిషేకించాడు. లాండ్రిక్ అనేక సంవత్సరాలు తన ఫ్రిసియా ప్రజలకు బోధించాడు.