పందెపు గుర్రాల శాలల సిబ్బంది: శిక్షణ, వృత్తి పురోగతి, పని పరిస్థితులు

సారాంశం

పందెపు గుర్రాల పోషణలో జాతి ఎంపిక, మేత, పశువైద్యం వంటి అంశాలపై శాస్త్రీయ సాహిత్యం విస్తారంగా లభిస్తున్నది. ఆ శాస్త్రాన్ని నిత్యం ఆచరణలో పెట్టే అశ్వపాలకులను గురించిన చర్చ మాత్రం స్వల్పం. బ్రిటన్‌లో ఐదు దశాబ్దాలుగా శిక్షణ, వేతనం, పని వేళలు, సంక్షేమం అనే నాలుగు అంశాలలో జరిగిన మార్పులను పరిశీలించి, వాటిలో హైదరాబాద్ వంటి మన పందెపు కేంద్రాలకు ఉపకరించే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. పని పరిస్థితులు మెరుగుపడనిదే శిక్షణ ఫలించదన్నది ఇందలి ప్రధాన ప్రతిపాదన.

ఉపోద్ఘాతం

తెలుగు దేశానికి అశ్వపోషణ కొత్త విద్య కాదు. కాకతీయుల కాలంలో ‘సాహిణి’ అనే పదం గుర్రపు, ఏనుగు దళాల అధిపతులకు గౌరవ బిరుదుగా వ్యవహారంలో ఉండేది. మనుమంచి భట్టు అశ్వలక్షణాలను గురించి తెలుగులో పద్యగ్రంథమే రచించాడు. అటువంటి గౌరవం పొందిన విద్య కాలక్రమంలో రెండుగా చీలిపోయింది. గ్రంథస్థమైన భాగం పశువైద్య కళాశాలలకు చేరింది. చేతిలో మిగిలిన భాగం తండ్రి నుండి కొడుక్కి, పెద్ద సైసు నుండి చిన్న సైసుకు నోటిమాటగా, చూపుగా సంక్రమిస్తూ వచ్చింది. ఈ రెండవ భాగానికి పాఠ్యప్రణాళిక లేదు, ధ్రువపత్రం లేదు, వృత్తిలో పై మెట్టు అంటూ స్పష్టంగా లేదు.

అశ్వపాలకుడి పని స్వరూపం

పందెపు గుర్రం సుమారు 450 నుండి 500 కిలోల బరువుండే, తీవ్రమైన భయస్వభావం గల జంతువు. దాని దినచర్య తెల్లవారకముందే మొదలవుతుంది. శాల శుభ్రపరచడం, పడక మార్చడం, నీరు, మేత అందించడం, మాలీసు చేయడం, జీను కట్టడం, వ్యాయామం తరువాత నడిపించి చల్లబరచడం, గిట్టలను పరిశీలించడం అన్నీ అశ్వపాలకుడి బాధ్యతలే. మధ్యాహ్నం కొంత విరామం తరువాత సాయంత్రం మళ్లీ అదే వరుస సాగుతుంది. పందెం రోజున గుర్రంతో పాటు పయనమై, దానితో పాటే తిరిగి రావాలి.

ఇది కేవలం శ్రమ అనుకోవడం పొరపాటు. విశ్రాంతిలో ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుండి 44 నాడీ స్పందనలు, 8 నుండి 16 శ్వాసలు ఉంటాయి. దేహోష్ణత సుమారు 37.5 నుండి 38.5 డిగ్రీల సెల్సియస్. ఈ అంకెలు దాటకముందే గుర్రం తొట్టిలో దాణా మిగల్చడం, ఒక కాలిపై బరువు తగ్గించి నిలబడడం, పొట్టవైపు మాటిమాటికీ తిరిగి చూడడం వంటి సూచనలు కనబడతాయి. వాటిని మొదట గుర్తించేది పశువైద్యుడు కాదు, శిక్షకుడూ కాదు. రోజంతా పక్కనే ఉండే అశ్వపాలకుడు. శూలనొప్పిలోనూ, స్నాయువు గాయంలోనూ గంటల తేడాయే గుర్రం బ్రతుకును నిర్ణయిస్తుంది. కనుక అనుభవజ్ఞుడైన పనివాడు వృత్తి వదిలి వెళ్లడం అంటే శాల ఒక జత చేతులను మాత్రమే కాక, ఒక పరిశీలకుణ్ణి కోల్పోవడమే.

బ్రిటన్ అనుభవం: సమ్మె నుండి సంస్కరణకు

బ్రిటన్‌లో పందెపు గుర్రాల శాలలకు న్యూమార్కెట్ ప్రధాన కేంద్రం. 1975 ఏప్రిల్ చివరలో అక్కడి శాలల సిబ్బంది వారానికి 4 పౌండ్ల 70 పెన్నీల వేతన పెంపు కోరుతూ సమ్మెకు దిగారు. రవాణా, సాధారణ కార్మికుల సంఘం వారికి అండగా నిలిచింది. సమ్మె దేశంలోని ప్రతిష్ఠాత్మక పందేల సమయంలోనే రావడంతో మైదానంలో ఘర్షణలు జరిగాయి. వేసవి వరకు కొనసాగిన ఈ పోరాటం వేతనంపై ఒప్పందంతో ముగిసినా, పాల్గొన్నవారిలో అనేకులు ఉద్యోగాలు కోల్పోయారు. కోట్ల విలువైన గుర్రాలను సాకే చేతులకు దక్కుతున్నది ఎంత అన్న ప్రశ్న అప్పుడు ప్రజల ముందుకు వచ్చింది.

శిక్షణ వ్యవస్థ కూడా దాదాపు అదే కాలంలో రూపుదిద్దుకున్నది. ఐర్లండ్‌లోని కిల్డేర్‌లో 1973లో యువతకు పందెపు విద్యాలయం ఏర్పడింది. బ్రిటన్‌లో న్యూమార్కెట్ కేంద్రంగా బ్రిటిష్ రేసింగ్ స్కూల్, డాంకాస్టర్ సమీపంలో నేడు నేషనల్ హార్స్‌రేసింగ్ కాలేజ్‌గా పిలిచే సంస్థ 1980వ దశకంలో స్థిరపడ్డాయి. గుర్రం ముట్టని యువతీయువకులను సైతం చేర్చుకొని, వసతితో కూడిన ప్రాథమిక శిక్షణ ఇచ్చి, శాలలలో పనికి పంపి, అక్కడే అప్రెంటిస్ విధానంలో అర్హత పూర్తి చేయించడం వీటి పద్ధతి.

అయినప్పటికీ సిబ్బంది కొరత తీరలేదు. పందేల సంఖ్య పెరగడం అందుకు ఒక కారణం. 1989లో అన్ని రుతువులలో పరుగుకు అనువైన కృత్రిమ ఉపరితల మైదానాలు, 1993లో దీపాల వెలుగులో రాత్రి పందేలు వచ్చాయి. 1992లో ఆదివారపు పందేలు మొదలై, 1995 నుండి వాటిపై పందెం కాయడానికి కూడా అనుమతి లభించింది. మైదానాలకూ, పందెం సంస్థలకూ ఇది ఆదాయం. తెల్లవారుజామున శాలలో పని ఆరంభించి, రాత్రి పందెం ముగించుకొని, గుర్రంతో అర్ధరాత్రి తిరిగివచ్చే పనివాడికి మాత్రం ఇది నిద్ర నష్టం, వారాంతపు సెలవు నష్టం.

ఈ నేపథ్యంలో లార్డ్ డోనహ్యూ అధ్యక్షతన శాలల, అశ్వప్రజనన కేంద్రాల సిబ్బందిపై ఒక కమిషన్ ఏర్పడి, 2004లో నివేదిక సమర్పించింది. వేతనం, పని వేళలు, వసతి, శిక్షణ, పని స్థలంలో వేధింపులు అన్నీ ఒకే సమస్యకు భిన్న ముఖాలన్న అవగాహనకు అది దోహదం చేసింది.

నేడు అక్కడి వ్యవస్థకు నాలుగు ఆధారాలు ఉన్నాయి. మొదటిది, సిబ్బంది సంఘానికీ, శిక్షకుల సమాఖ్యకూ మధ్య కుదిరే కనీస వేతన, పని నిబంధనల ఒప్పందం. రెండవది, పందెపు బహుమతి సొమ్ములో నిర్ణీత భాగాన్ని శాల సిబ్బంది అందరికీ పంచే ఉమ్మడి నిధి. మూడవది, వసతి, వైద్యం, మానసిక ఆరోగ్యం, పదవీ విరమణ విషయాలలో తోడ్పడే రేసింగ్ వెల్ఫేర్ అనే ధర్మసంస్థ. నాలుగవది, ఈ క్రీడకు నిలకడైన నిధుల మార్గం. 1961 చట్టంతో ఏర్పడిన లెవీ బోర్డు పందెం కాసే వ్యాపార సంస్థల నుండి వసూలు చేసే రుసుము ద్వారా ఈ క్రీడకు ధనం సమకూరుతుంది. 2017 నుండి ఈ రుసుము, 5 లక్షల పౌండ్లకు మించిన స్థూల పందెపు ఆదాయంపై 10 శాతంగా ఉన్నది.

శిక్షణ ఎందుకు నిలవదు?

చిల్లుకుండలో ఎంత నీరు పోసినా నిలవదు. శిక్షణా కేంద్రాలను పెంచి, పని పరిస్థితులను విస్మరించిన చోట ఇదే జరుగుతుంది. శిక్షణ పొందిన యువకుడు ఒకటి రెండు సంవత్సరాలలో తన నైపుణ్యానికి విలువ లేదని గ్రహించి, మరొక పనికి మళ్లుతాడు. మిగిలినవారిపై గుర్రాల భారం పెరుగుతుంది. ఒక్కొక్కరు మూడు గుర్రాలను చూడవలసిన చోట నాలుగు, ఐదు గుర్రాలను చూడవలసి వస్తుంది. పరిశీలనకు సమయం తగ్గుతుంది, ప్రమాదాలు పెరుగుతాయి, మరికొందరు విడిచిపోతారు. బ్రిటన్ శాలలు భారతదేశంతో సహా విదేశాల నుండి స్వారీ సిబ్బందిని రప్పించుకోవలసి రావడానికి ఈ వలయమూ ఒక కారణం.

ఈ వలయాన్ని ఛేదించడానికి వృత్తిలో మెట్లు స్పష్టంగా ఉండాలి. సహాయకుడు, అశ్వపాలకుడు, వ్యాయామ స్వారీ సిబ్బంది, పెద్ద సైసు, ప్రయాణ పర్యవేక్షకుడు, సహాయ శిక్షకుడు అనే క్రమంలో ప్రతి మెట్టుకూ నిర్దిష్టమైన నైపుణ్యాలు, పరీక్ష, వేతన వ్యత్యాసం ఉండాలి. బ్రిటన్‌లో శిక్షకుడిగా అనుమతి పొందగోరేవారు కూడా పందెపు గుర్రాల సంరక్షణలో మూడవ స్థాయి అర్హత సంపాదించవలసి ఉంటుంది. అంటే శాల పనిలో గడించిన విద్య పై మెట్టుకు పనికివస్తుందే గాని, వృథా పోదు.

ఆరోగ్యం, భద్రత: మేత శాస్త్రపు పాత్ర

అశ్వపాలకులకు తన్నులు, కాట్లు, పడిపోవడం, కాళ్ల కింద నలగడం ప్రత్యక్ష ప్రమాదాలు. శిరస్త్రాణం, గట్టి బూట్లు, ఇద్దరు కలిసి చేయవలసిన పనుల జాబితా వీటిని తగ్గిస్తాయి. ధనుర్వాతం టీకా తప్పనిసరి. గ్లాండర్స్ వ్యాధి గుర్రం నుండి మనిషికి సోకగలదు. భారతదేశంలో 2009 నాటి పశు సాంక్రమిక వ్యాధుల చట్టం ప్రకారం ఇది ప్రభుత్వానికి తప్పక తెలుపవలసిన వ్యాధి. అనుమానిత లక్షణాలను ఎవరికి, ఎలా తెలియజేయాలో ప్రతి సైసుకూ తెలిసి ఉండాలి.

కంటికి కనబడని ప్రమాదం ధూళి. ఎండుగడ్డిని తగినంత ఆరకముందే కట్టలు కట్టినప్పుడు లోపల వేడి పుట్టి, శిలీంధ్రాలు, ఉష్ణప్రియ ఆక్టినోమైసిటీస్ విస్తరిస్తాయి. అటువంటి కట్టను విప్పినప్పుడు లేచే సూక్ష్మబీజాలు గుర్రానికి ఉబ్బసం వంటి శ్వాసకోశ రుగ్మతను, మనిషికి ‘రైతు ఊపిరితిత్తి’ అనే వ్యాధిని కలిగిస్తాయి. ఒకే గాలిని పీల్చే రెండు ప్రాణులకూ కారణం ఒక్కటే. గుర్రం దగ్గితే వైద్యుడు వస్తాడు. సైసు దగ్గును సాధారణంగా పొగాకుకో, చలికో ఆపాదించి వదిలివేస్తారు.

ఇక్కడ సేద్య శాస్త్రం నేరుగా ఉపకరిస్తుంది. గడ్డిని తేమ సుమారు 15 శాతానికి తగ్గిన తరువాతనే కట్టలు కట్టాలి. తేమ 20 శాతం మించితే బూజు ప్రమాదం హెచ్చు. కట్టలను నేలకు తగలకుండా బల్లలపై, గాలి ఆడే కొట్టంలో, గుర్రాల గదులకు దూరంగా నిలవచేయాలి. మేపే ముందు సుమారు అరగంట నీటిలో నానబెడితే ధూళి బాగా తగ్గుతుంది. అయితే అంతకంటే ఎక్కువసేపు, ముఖ్యంగా మన ఎండలలో, నానబెడితే చక్కెరలు నీటిలో కలిసిపోయి, సూక్ష్మజీవులు పెరుగుతాయి. మూత్రంతో తడిసిన పడక నుండి వెలువడే అమ్మోనియా నేలకు దగ్గరగా ఎక్కువగా ఉంటుంది. కనుక తడిసిన భాగాన్ని ప్రతిదినం తొలగించాలి. గుర్రం వ్యాయామానికి వెళ్లిన వేళ, తలుపులు తెరిచి ఊడ్చాలి. ఊడ్చేవాడు ముక్కుకు మాస్కు ధరించాలి.

మన దేశ పరిస్థితి, హైదరాబాద్ సందర్భం

గుర్రపు పందేలు నైపుణ్య క్రీడ అని 1996లో సుప్రీంకోర్టు లక్ష్మణన్ కేసులో తీర్పు చెప్పింది. నైపుణ్యం గుర్రానిది, జాకీది, శిక్షకుడిది మాత్రమే కాదు. అశ్వపాలకుడిది కూడా. హైదరాబాద్ మలక్‌పేట మైదానంలో వర్షాకాలపు, శీతాకాలపు పందేల కోసం గుర్రాలను సిద్ధం చేసేవారిలో సైసులే అధికం.

సామాజిక భద్రత విషయంలో ఒక న్యాయ పరిణామం గమనార్హం. రేస్ క్లబ్బులు ఉద్యోగుల రాజ్య బీమా చట్ట పరిధిలోకి వస్తాయని హైదరాబాద్ రేస్ క్లబ్ వ్యాజ్యంలో 2004లో వెలువడిన అభిప్రాయాన్ని, 2014లో బెంగళూరు టర్ఫ్ క్లబ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం సమర్థించింది. ఈ పథకంలో 2019 జులై నుండి యాజమాన్యం వేతనంలో 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం చెల్లిస్తారు. పనిలో గాయపడి తాత్కాలికంగా అశక్తుడైన కార్మికుడికి వేతనంలో 90 శాతం మేరకు పరిహారం లభిస్తుంది.

అయితే సైసును సాధారణంగా నియమించేది క్లబ్బు కాదు, శిక్షకుడు. శిక్షకుడికి ధనం గుర్రపు యజమాని ఇచ్చే నెలసరి రుసుము ద్వారా వస్తుంది. యజమాని, శిక్షకుడు, క్లబ్బు అనే ముగ్గురి మధ్య సైసు ఎవరి ఉద్యోగి అన్న ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు లేకపోతే, తన్ను తిని కాలు విరిగిన రోజున అతడు ఎవరి వాకిలి తట్టాలో తెలియదు. అందుచేత నియామక పత్రం, హాజరు పట్టిక, వేతన చీటీ అనే మూడు కాగితాలు సంస్కరణకు తొలి మెట్టు. శిక్షకుడి అనుమతిని పునరుద్ధరించే సమయంలో క్లబ్బులు వీటిని పరిశీలించవచ్చు.

రెండవ మెట్టు నైపుణ్య గుర్తింపు. 2013లో ప్రకటించిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో ‘పూర్వాభ్యాస గుర్తింపు’ అనే మార్గం ఉన్నది. ఇరవై ఏళ్లుగా గుర్రాలను సాకుతున్న సైసును తరగతి గదిలో మొదటి పాఠం నుండి కూర్చోబెట్టనవసరం లేదు. అతడికి తెలిసినదాన్ని శాలలోనే పరీక్షించి, తెలియనిదాన్ని మాత్రమే నేర్పి, ధ్రువపత్రం ఇవ్వవచ్చు. ఆ ధ్రువపత్రం చేతిలో ఉన్నవాడు మరొక నగరంలోనో, మరొక దేశంలోనో పని కోరినప్పుడు దళారి మాటపై ఆధారపడనవసరం లేదు.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

హిస్సార్‌లో 1985లో స్థాపితమైన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వ్యాధి నిర్ధారణ, ఆరోగ్య పరిజ్ఞానం అందించగలదు. పశువైద్య, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు దాన్ని శాలల భాషలోకి తేగలవు. చాలామంది సైసులకు చదవడం కంటె చూసి నేర్చుకోవడం సులువు. కనుక ఉపన్యాసాల కంటె పద్ధతి ప్రదర్శనలు మేలు. బూజు గడ్డిని, మంచి గడ్డిని పక్కపక్కన ఉంచి వాసన చూపించడం, నానబెట్టిన గడ్డినీ, పొడి గడ్డినీ వెలుతురులో దులిపి ధూళి తేడా చూపించడం వంటివి పది నిమిషాలలో మనసుకు పడతాయి. శిక్షణ ఉదయపు పని ముగిసిన తరువాత, సాయంత్రపు పనికి ముందు, విశ్రాంతికి భంగం కలగని రీతిలో, వేతనం కోతపడకుండా జరగాలి. తెలుగుతో పాటు హిందీ, ఉర్దూలలో కూడా సామగ్రి అవసరం.

ఫలితాన్ని కొలిచే పద్ధతి కూడా మారాలి. ఎంతమందికి శిక్షణ ఇచ్చారన్న లెక్క సులభం గాని, అసంపూర్ణం. ఎంతమంది రెండేళ్ల తరువాత కూడా వృత్తిలో కొనసాగుతున్నారు, ఎంతమంది పై మెట్టుకు చేరారు, గాయాల వల్ల ఎన్ని పనిదినాలు పోయాయి, ఎందరికి వారపు సెలవు నిజంగా దక్కుతున్నది అన్న ప్రశ్నలకు జవాబులు సేకరించాలి. విద్యార్థుల పరిశోధనకు ఇది విశాలమైన, ఇంతవరకు అంతగా దున్నని క్షేత్రం.

ముగింపు

బ్రిటన్ సంస్కరణలు ఒక్క చట్టంతోనో, ఒక్క పాఠశాలతోనో సాధ్యపడలేదు. సమ్మె, విద్యాలయం, కమిషన్, ఒప్పందం, నిధి ఒకదానికొకటి తోడై మార్పు తెచ్చాయి. అక్కడ కూడా కొరత పూర్తిగా తీరకపోవడం, పందేల పట్టికను సిబ్బంది విశ్రాంతితో సమన్వయం చేయవలసిన అవసరాన్ని సూచిస్తున్నది. మన కేంద్రాలలో గుర్రాల సంఖ్య పరిమితం, శాలలు ఒకేచోట కేంద్రీకృతం. కనుక మార్పు ఆరంభించడం ఇక్కడ కొంత సులభం కూడా. నియామక పత్రం, ధూళి లేని మేత, పూర్వాభ్యాస గుర్తింపు, వారానికొక సెలవు అనే నాలుగింటితో మొదలుపెడితే, గుర్రానికీ, దాన్ని సాకే మనిషికీ ఒకేసారి మేలు కలుగుతుంది.