కిన్నెర దుఃఖము మనది యెట్లైనది?

గన్నవరమునకు చేరువ, నేటి ఉంగుటూరు మండలములోని నందమూరున 1895లో జన్మించి, బెజవాడ కళాశాలలో పెక్కేండ్లు అధ్యాపకత్వము నెరపి, శ్రీమద్రామాయణ కల్పవృక్షమునకు జ్ఞానపీఠ పురస్కారము నందుకొనిన విశ్వనాథ సత్యనారాయణ పేరు వినగనే చాలమందికి దీర్ఘసమాసములును పాషాణపాకమును స్ఫురించును. అయితే గుండెను సూటిగా తాకు ఆయన కృతి యేదియని యెవరైన నన్నడిగినచో, సంకోచింపక 'కిన్నెరసాని పాటలు' అని చెప్పుదును.

కథ చిన్నది. అత్తగారి పరుషవాక్కులు భరింపలేక కోడలు కిన్నెర ఇల్లు విడిచి అడవికి పోవును. వెదకుచు వచ్చిన భర్త కౌగిలింపగా ఆమె కరిగి వాగై పారును, అతడు శోకముచే శిలయగును. భద్రాచల ప్రాంతమున గోదావరిలో కలియు కిన్నెరసాని యేటికి కవి చెప్పిన జన్మకథ యిది.

అత్తాకోడండ్ర పోరు మనకు కొత్తది కాదు. విని జాలిపడుదుము, మరునాటికి మరతుము. ఇచ్చట అది మరపునకు రాకుండుటకు హేతువేమి? నాకు తోచినంతవరకు, కవి ఆ దుఃఖమునకు దాని నుండి విడదీయరాని రూపము నొసగెను. నీరైన ఆమె నిలువవలెనన్నను నిలువలేదు. రాయైన అతడు వెంటబోవలెనన్నను కదలలేడు. ఎన్ని విలాపపద్యములు చెప్పినను చెప్పవలసినది మిగిలిపోవు ఎడబాటు, ఈ రెండు ప్రకృతిధర్మములు ఎదురుపడినంతనే సంపూర్ణమైనది. పారుట నీటి తప్పు కాదు, నిలుచుట రాతి తప్పు కాదు. నిందింపదగిన వారెవరును లేని దుఃఖము కంటె దుర్భరమైనది వేరొకటి యున్నదా?

ఆ వాగు నడకయే పాట నడకయైనది. చిన్న చరణములు, తేలిక తెలుగుమాటలు, మరల మరల వచ్చు అక్షరధ్వనులు ఒకదానినొకటి తరుముకొని పోవుచుండుటచే, ఆగజాలని ఆమె అవస్థ గొంతెత్తి చదువువాని ఊపిరికే అనుభవమగును. మహాసమాసములను అలవోకగా కూర్పగల కవి, ఈ కథ కొరకు వానిని ప్రక్కకు పెట్టెను. ఆ త్యాగమును నేను ఆయన పాండిత్యముకంటె మిన్నగా గౌరవింతును.

ఈ పాటలు తాకుటకు కారణమును మన అలంకారికులు ముందే చెప్పిరి. శోకమను మాటను నూరుసార్లు ఉచ్చరించినను శోకము పుట్టదు. దానికి ఆలంబనమైన మనుష్యులు, ఉద్దీపనమైన పరిసరములు, బయటపడు చేష్టలు కూడినప్పుడే చదువరి లోని భావము రసమగునని భరతుని సంప్రదాయము. పలికిన మాటకు వెనుక పలుకని యర్థము మ్రోగుటయే కావ్యమునకు ప్రాణమని 9వ శతాబ్దమున కాశ్మీరదేశపు ఆనందవర్ధనుని సిద్ధాంతము.

ఆ పలుకని యర్థమునకు విశ్వనాథ జన్మించిన జిల్లాలోనే మరియొక నిదర్శనము కలదు. మువ్వగోపాలుని ముద్రతో 17వ శతాబ్దమున క్షేత్రయ్య రచించిన పదములను అభినయించునప్పుడు, గాయకుడు విలంబకాలమున ఒకే పంక్తిని పలుమారులు పాడుచుండ, నర్తకి ఒకసారి కోపమును, ఒకసారి అభిమానమును, ఇంకొకసారి ప్రియుడు రాడేమోనను భయమును ప్రదర్శించును. ఇవి పైనుండి తెచ్చి యతికించినవి కావు. నాయిక తన చెలికత్తెతో నాడు నాలుగు మాటలలో కవి వానికన్నింటికిని తావు విడిచియుండెను. కాగితముపై మౌనముగా చదివి పదము చప్పగా నున్నదని తలచువారు, దయచేసి దానిని ఒకమారు పాడించుకొని వినవలెనని నా ప్రార్థన.